తెగేదాకా లాగితే

కారు డ్రైవ్ బెల్టును, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ను ఎప్పుడు మార్చాలన్నది మెకానిక్ ఒక్కడే తేల్చే ప్రశ్న కాదు. ఇంకా బాగానే తిరుగుతున్న వస్తువు కోసం డబ్బు తీయడానికి మనసొప్పడమే అసలు సమస్య

గొడవైనా, బేరమైనా, బంధుత్వమైనా తెగేదాకా లాగకూడదని తెలుగిళ్లలో పెద్దలు చెబుతూనే ఉంటారు. ఆ మాటను అక్షరాలా పాటించాల్సిన చోట మాత్రం అది ఎవరికీ గుర్తు రాదు. కారు బానెట్ కింద, ఇంజన్‌కు ఒక పక్కగా, రెండు వేళ్ల వెడల్పయినా లేని నల్లటి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ అది క్షణం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పేది అదే. ఏసీ కంప్రెసర్‌ను నడిపేదీ అదే. చాలా కార్లలో ఇంజన్‌ను చల్లబరిచే వాటర్ పంపు, పాత తరహా కార్లలోనైతే పవర్ స్టీరింగ్ పంపు కూడా దాని మీదే ఆధారపడతాయి. ఇంత బరువు మోసే ఈ డ్రైవ్ బెల్టు, కారులో అతి చవకైన వస్తువుల్లో ఒకటి.

చవక కాబట్టే దాని గురించి ఎవరూ ఆలోచించరు. టైర్లు అరిగితే కంటికి కనిపిస్తాయి. బ్యాటరీ నీరసిస్తే పొద్దున్నే తెలిసిపోతుంది. బ్రేకులు అరిగితే కాలికి తెలుస్తుంది. బెల్టు మాత్రం యజమానితో ఏ సంబంధమూ పెట్టుకోదు. ఏళ్ల తరబడి దాని పేరు కూడా ఎత్తకుండా కారు నడపొచ్చు. ఒకరోజు అది తెగాక మాత్రం, ఏయే పనులు చేసి పెడుతూ వచ్చిందో ఒక్కొక్కటిగా బయటపడుతుంది.

అది ఎక్కడ తెగుతుందన్నదే అసలు భయం. ఊళ్లో తెగితే మేస్త్రికి ఫోన్ చేస్తే సరిపోతుంది. కుటుంబమంతా కలిసి శ్రీశైలం వెళ్తుండగా, చీకటి పడితే వాహనాలను ఆపేసే నల్లమల అడవి దారిలో, ఫోన్‌కు సిగ్నల్ కూడా అందని మలుపులో తెగితే కథ వేరు. ముందు డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతుంది. ఏసీ గాలి వెచ్చబడుతుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న కారైతే ఘాట్ మలుపులో చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. కాసేపటికి ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పాకడం మొదలవుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వెలిగింది బ్యాటరీ గుర్తు కాబట్టి ఇది బ్యాటరీ గొడవే అనుకుంటారు. తర్వాత వచ్చే ఊరు దాకా ఎలాగో లాక్కెళ్దామని చూస్తారు. వాటర్ పంపును కూడా ఆ బెల్టే తిప్పే కారైతే, అలా లాక్కెళ్లిన కొద్ది కిలోమీటర్లలోనే హెడ్ గ్యాస్కెట్ కాలిపోవచ్చు, సిలిండర్ హెడ్ వంకరపోవచ్చు. వందల్లో పోయేది వేలు దాటి లక్ష వైపు నడుస్తుంది. బ్యాటరీ దీపంతోపాటు వేడి ముల్లు కూడా కదిలితే చేయాల్సింది ఒక్కటే. కారు పక్కకు తీసి, ఇంజన్ ఆపేయాలి.

బొటనవేలి పరీక్ష

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్‌నో, 2023లో ముంబై టాక్సీ స్టాండ్ల నుంచి కూడా సెలవు తీసుకున్న ప్రీమియర్ పద్మినినో నడిపినవాళ్లకు 'ఫ్యాన్ బెల్టు' ఇంటి మనిషి లాంటిది. అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉండే ఆ బెల్టు ఒక్కటే డైనమోను, వాటర్ పంపును, రేడియేటర్ వెనక ఫ్యాన్‌ను తిప్పేది. రెండు పుల్లీల మధ్య దాన్ని బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి వెళ్లాలన్నది లెక్క. ఎక్కువ వెళ్తే డైనమో బోల్టు వదులు చేసి, కాస్త వెనక్కి లాగి బిగించేవారు. దూర ప్రయాణం చేసే డ్రైవర్ డిక్కీలో స్టెప్నీతోపాటు ఒక ఫ్యాన్ బెల్టు కూడా ఉండేది. దాన్ని మార్చడానికి రెండు పానాలు, పావుగంట ఓపిక సరిపోయేవి.

1983లో మారుతి 800 వచ్చింది. రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో తిరగడం మొదలైంది. బెల్టుకూ ఫ్యాన్‌కూ సంబంధం తెగిపోయి దశాబ్దాలు గడిచినా, చాలా షెడ్లలో దాన్ని ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అనే పిలుస్తారు. పేరు నిలిచింది కానీ పని మారింది. ఒక్కో యంత్రానికి ఒక్కో బెల్టు పోయి, అన్నింటినీ చుట్టుకుంటూ పాములా మెలికలు తిరిగే ఒకే పొడవాటి బెల్టు వచ్చింది. దాని లోపలి వైపు నిలువునా సన్నటి గాళ్లు ఉంటాయి. బెల్టు వీపు మీద అచ్చయిన అంకెల్లోనే దాని జాతకమంతా ఉంటుంది. '6పీకే1220' అంటే ఆరు గట్లున్న, 1,220 మిల్లీమీటర్ల పొడవున్న బెల్టు అని అర్థం.

ఈ పొడవాటి బెల్టుకు బిగువు ఇచ్చే బాధ్యత మనిషి చేతి నుంచి టెన్షనర్‌కు మారింది. టెన్షనర్ అంటే స్ప్రింగు బిగించిన ఒక చేయి, దాని చివర బేరింగు మీద తిరిగే ఒక పుల్లీ. బెల్టు కాస్త సాగినా, ఏసీ ఆన్ చేయగానే బరువు పెరిగినా ఆ చేయి కదిలి బిగువును సరిచేస్తుంది. ఆ కదలిక ఊపుగా మారకుండా లోపల ఒరిపిడితో అదిమిపెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. దీంతో బొటనవేలి పరీక్ష అవసరం లేకుండా పోయింది. దానితోపాటే నెలకోసారి బానెట్ ఎత్తి చూసే అలవాటూ పోయింది.

పగుళ్లు లేని ముసలితనం

అంతకంటే పెద్ద మార్పు రబ్బరులో వచ్చింది. పాత నియోప్రీన్ బెల్టు వయసు పైబడగానే పగిలేది. గట్ల మీద అడ్డంగా చీలికలు కనిపించేవి. అంగుళానికి ఇన్ని పగుళ్లుంటే మార్చాలని మెకానిక్‌లు లెక్క చెప్పేవారు. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు వేడిని బాగా తట్టుకుంటుంది, అంత తేలిగ్గా పగలదు. అది టైరులా అరుగుతుంది. గట్ల మధ్య గాళ్లు మెల్లగా లోతవుతాయి. చివరికి బెల్టు గట్టు పుల్లీ గాడి అడుగును తాకి, పక్కల పట్టు పోయి, జారడం మొదలుపెడుతుంది. పైకి చూస్తే మాత్రం నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే కనిపిస్తుంది.

బెల్టు నాణ్యత పెరిగింది కానీ, ముందుగా చెప్పే గుణం పోయింది. 'పగుళ్లేమీ లేవు సార్, ఇంకో ఏడాది నడుస్తుంది' అనే భరోసా పాత రబ్బరు కాలం నాటిది. కొత్త బెల్టు విషయంలో దానికి అర్థం లేదు. అరుగుదల చూడటానికి బెల్టు కంపెనీలు చిన్న ప్లాస్టిక్ కొలబద్దలు తయారుచేస్తున్నాయి. గాడిలో పెట్టి చూస్తే అరిగిందో లేదో తేలిపోతుంది. అది లేని షెడ్డులో పాత, కొత్త బెల్టులను పక్కపక్కన పట్టుకుని గాళ్ల లోతు పోల్చి చూడటమే మార్గం.

మరి ఎప్పుడు మార్చాలి? ఒక్కో ఇంజన్‌కు ఒక్కో లెక్క. కచ్చితమైన అంకె కారుతోపాటు ఇచ్చే యజమాని పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం చాలా కార్లలో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడి ఉంటుందన్నది వేరే విషయం. స్థూలంగా చెప్పాలంటే 60,000 కి.మీ. దాటాక ప్రతి సర్వీసులోనూ బెల్టును జాగ్రత్తగా చూడాలి. లక్ష కి.మీ. చేరేసరికి, పుస్తకం ఇంకా ఎక్కువ గడువు ఇస్తే తప్ప, మార్చేయడం మేలు. కారు తక్కువగా తిరిగినా రబ్బరు వయసు ఆగదు కాబట్టి ఏళ్ల లెక్క కూడా చూసుకోవాలి.

అయితే కిలోమీటర్ల లెక్క నగరంలో మోసం చేస్తుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాయంత్రం ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడిన కారు పది కిలోమీటర్లు కూడా కదలకపోవచ్చు. కానీ ఆ గంటసేపూ ఇంజన్ తిరుగుతుంది, ఏసీ నడుస్తుంది, బెల్టు పని చేస్తూనే ఉంటుంది. మీటరులో 50,000 ఉన్న నగరపు కారు బెల్టు, అదే దూరం హైవే మీద పరిగెత్తిన కారు బెల్టు కంటే ఎన్నో గంటలు ఎక్కువ తిరిగి ఉంటుంది. దీనికి తోడు రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండ, రోడ్డు దుమ్ము, వానాకాలపు బురద నీళ్లు. స్పీడ్ బ్రేకర్‌కు తగిలి ఊడిన ఇంజన్ అడుగు కవర్‌ను మళ్లీ బిగించని కార్లు మన దగ్గర తక్కువేమీ కాదు. అది లేకపోతే రాళ్లూ నీళ్లూ నేరుగా బెల్టు మీదే పడతాయి. ఇంజన్ ఆయిల్ గానీ కూలెంట్ గానీ కారి బెల్టును తడిపితే ఇక గడువుల ప్రసక్తే లేదు. ముందు ఆ లీకు ఆపాలి, తర్వాత బెల్టు మార్చాలి.

ఇక్కడే ఒక గందరగోళం తొలగించుకోవడం అవసరం. టైమింగ్ బెల్టు వేరు, డ్రైవ్ బెల్టు వేరు. ఇంజన్ లోపలి వాల్వులను నియంత్రించే పళ్ల బెల్టు టైమింగ్ బెల్టు. అది కవర్ వెనక ఉంటుంది. కొన్ని కార్లలో దాని బదులు గొలుసు ఉంటుంది. 'మా కారుకు చైనే, బెల్టు గొడవ లేదు' అని నిశ్చింతగా ఉండే యజమానులకు తెలియని విషయం ఏమిటంటే, గొలుసున్న పెట్రోలు, డీజిల్ కార్లలోనూ డ్రైవ్ బెల్టు దాదాపు తప్పకుండా ఉంటుంది.

కీచుమన్నా మేలే

చప్పుడు చేసే బెల్టు ఒకరకంగా అదృష్టమే. పొద్దున్నే స్టార్ట్ చేయగానే, లేదా ఏసీ వేయగానే కీచుమని సాగే అరుపు వినిపిస్తే సాధారణంగా బెల్టు జారుతోందని అర్థం. పిచ్చుక అరిచినట్టు కిచకిచమని ఆగి ఆగి వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవన్న అనుమానం రావాలి. తేల్చుకోవడానికి షెడ్లలో ఒక చిట్కా ఉంది. ఇంజన్ నడుస్తుండగా, చేతులు దూరంగా పెట్టి, బెల్టు గట్ల వైపు కొద్దిగా నీళ్లు చిమ్ముతారు. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే వరుస తప్పు. చప్పుడు ఇంకా పెరిగితే బిగువు తక్కువ. సబ్బు ముక్క రుద్దడం, బెల్టు మీద స్ప్రే కొట్టడం లాంటివి అరుపును మూయిస్తాయే తప్ప జబ్బును నయం చేయవు. పైగా ఆ జిగురు దుమ్మును పట్టుకుని అరుగుదల పెంచుతుంది.

బిగువు తగ్గడానికి కారణం చాలాసార్లు బెల్టు కాదు, టెన్షనర్. అసలు పేచీ మొదలయ్యేదీ దాని దగ్గరే. ఏ ఊరి షెడ్డులోనైనా వినిపించే సంభాషణ ఇది.

"సార్, బెల్టుతోపాటు టెన్షనర్ కూడా వేసేద్దాం."

"అది తిరుగుతోందిగా మేస్త్రీ?"

"తిరుగుతోంది సార్. మోత చూడండి."

"ఈసారికి బెల్టు వేసెయ్. అది తర్వాత చూద్దాం."

యజమాని అనుమానం అర్థం లేనిది కాదు. బెల్టు ధర చాలా కార్లకు వందల్లో ఉంటే టెన్షనర్ ధర వేలల్లో ఉంటుంది. అవసరం లేని భాగాలు మార్పించిన చేదు అనుభవం ఎవరికో ఒకరికి ఉండనే ఉంటుంది. కానీ మేస్త్రి వాదనలోనూ బలముంది. బెల్టు తిరిగినన్ని కిలోమీటర్లూ టెన్షనర్ కూడా తిరిగింది. దాని స్ప్రింగు అలసిపోయింది, బేరింగులో గ్రీజు ఎండిపోయింది. నీరసించిన టెన్షనర్ మీద వేసిన కొత్త బెల్టు జారి, వేడెక్కి, పాతదానికంటే ముందే పాడవుతుంది. బేరింగు పట్టేసిందంటే కొత్త బెల్టయినా సరే కాలి తెగిపోతుంది. అప్పుడు బెల్టు డబ్బులు, కూలి డబ్బులు రెండోసారి ఇచ్చుకోవాలి.

ఈ వివాదాన్ని నమ్మకం మీద కాకుండా కళ్లతో తేల్చుకోవచ్చు. ఇంజన్ నిదానంగా నడుస్తుండగా టెన్షనర్ చేతిని గమనించాలి. సన్నగా వణికితే ఫర్వాలేదు, ఊయలలా ఊగితే దాని పని అయిపోయినట్టే. కొన్నింటి మీద హద్దు గీతలుంటాయి. ముల్లు ఆ హద్దు దాటిందంటే బెల్టు సాగిపోయింది, లేదా తప్పుడు పొడవు బెల్టు వేశారు. ఇంజన్ ఆపి, బెల్టు తీశాక పుల్లీని చేత్తో తిప్పాలి. గరగరమన్నా, పక్కలకు ఊగినా, బెల్టు పుల్లీ మధ్యలో కాకుండా ఓ అంచున నడిచిన గుర్తులున్నా మార్చాల్సిందే. ఇవేమీ లేకపోయినా, బెల్టు తన పూర్తి గడువు చేరి ఉంటే రెండూ కలిపి మార్చడమే చివరికి చవక.

అయిదు నిమిషాల పరీక్ష

మార్చే పని చూడటానికి తేలిక. ఇంజన్ బాగా చల్లారాక, తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం మొదటి మెట్టు. వేడిగా ఉన్న ఇంజన్‌లో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. చున్నీలు, గొలుసులు, వదులు చేతులు బానెట్ దగ్గరికి రాకూడదు. తర్వాత బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా మలుపు తిరిగిందో ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ఒక్క మెలిక తప్పుగా వేస్తే వాటర్ పంపు వెనక్కి తిరుగుతుంది. పొడవాటి పానాతో టెన్షనర్ చేతిని స్ప్రింగుకు ఎదురుగా తిప్పి పట్టుకుంటే బెల్టు వదులవుతుంది. చేతిని మెల్లగా వదలాలి. ఆ స్ప్రింగుకు వేళ్లు చితక్కొట్టేంత బలముంటుంది. ఇంజన్ అడ్డంగా ఉండే చిన్న కార్లలో చోటు ఇరుకు కాబట్టి ముందు చక్రం, దాని లోపలి కవర్ తీయాల్సి రావచ్చు.

బెల్టు బయటికి వచ్చాక గడిచే అయిదు నిమిషాలే మొత్తం పనిలో విలువైనవి. అప్పుడే ఆల్టర్నేటర్, వాటర్ పంపు, మధ్యలోని ఉత్త పుల్లీ, అన్నీ విడివిడిగా చేత్తో తిరుగుతాయి. మోత ఎక్కడిదో అప్పుడే తెలుస్తుంది. వాటర్ పంపు కింద ఎండిన కూలెంట్ రంగు కనిపిస్తే అది తర్వాతి బిల్లుకు ముందస్తు నోటీసు. కొత్త టెన్షనర్ వెనకనున్న చిన్న పిన్ను ఇంజన్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. బోల్టును పుస్తకంలో చెప్పినంత బలంతోనే బిగించాలి. గాళ్లున్న పుల్లీల మీద బెల్టు వేసి, చివరగా నున్నటి పుల్లీ మీదికి జార్చడం తేలిక పద్ధతి. ప్రతి గట్టూ తన గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్క గాడి పక్కకు జరిగినా కొత్త బెల్టు అంచులు పీలికలవుతాయి. ఆ పీలికలు కొన్ని ఇంజన్లలో టైమింగ్ కవర్‌లోకి చొరబడి అసలుకే ఎసరు పెడతాయి.

అన్ని కార్లకూ ఇదే పద్ధతి వర్తించదు. కొన్నింటిలో టెన్షనరే ఉండదు. సాగే గుణమున్న బెల్టును ప్రత్యేక పనిముట్టుతో ఎక్కిస్తారు. తీసేటప్పుడు కోసి పారేయాల్సిందే, మళ్లీ వాడకూడదు. ఇంకా బోల్టుతో బిగువు సరిచేసే రకాలూ ఉన్నాయి. వాటిలో కొత్త బెల్టు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూడాలి. అతిగా బిగిస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు పోతాయి. 2015లో సియాజ్‌తో మొదలై మారుతి కార్లలో విస్తరించిన మైల్డ్ హైబ్రిడ్ పద్ధతిలో బెల్టు బాధ్యత ఇంకా పెరిగింది. అక్కడ ఇంజన్ బెల్టును తిప్పడమే కాదు, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ను బెల్టే మళ్లీ లేపుతుంది. అలాంటి కార్లలో ఏదో ఒక బెల్టుతో సరిపెట్టుకోవడం కుదరదు. పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం ఈ బెల్టు బాధ లేదు.

సరుకు కొనేచోట కూడా జాగ్రత్త అవసరం. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, ఢిల్లీ కశ్మీరీ గేట్, చెన్నై పుదుప్పేట, ఢాకా ధోలైఖాల్, కొలంబో పంచికావత్త... దక్షిణాసియాలో ప్రతి పెద్ద నగరానికీ ఒక విడిభాగాల పేట ఉంది. అక్కడ దొరకని వస్తువుండదు. అసలుతోపాటు నకిలీ కూడా అవే పెట్టెల్లో అమ్ముడుపోతుంది. బిల్లు తీసుకోవడం, బెల్టు వీపు మీది అంకెలు పాతదానితో సరిపోల్చడం, తీసిన పాత భాగాలను చేతికిమ్మని అడగడం, ఈ మూడు పనులకూ ఖర్చేమీ కాదు. పాత టెన్షనర్ చేతిలో పెట్టుకుని తిప్పి చూస్తే మేస్త్రి చెప్పింది నిజమో కాదో అక్కడే తెలిసిపోతుంది.

జరగని నష్టం కోసం ఖర్చు పెట్టడం ఈ ఉపఖండంలో ఇళ్లకూ అలవాటు లేదు, ప్రభుత్వాలకూ అలవాటు లేదు. కొత్త వంతెనకు ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఉన్న వంతెన బేరింగులు మార్చినందుకు ఎవరూ దండ వేయరు. కారు యజమాని ఇబ్బందీ అలాంటిదే. సరైన సమయంలో బెల్టు మార్చినవాడికి దక్కేది ఏమీ జరగకపోవడమే. శ్రీశైలం వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిన కుటుంబంలో ఎవరూ బెల్టును తలచుకోరు.

అందుకే ఆ పనిని జ్ఞాపకానికి వదలకుండా కాగితానికి అప్పగించడం మంచిది. బెల్టు, టెన్షనర్ మార్చిన తేదీ, అప్పటి మీటరు అంకె, బెల్టు సంఖ్య, ఈ మూడింటినీ సర్వీసు పుస్తకంలో ఒక వరుసలో రాసిపెడితే చాలు. కొత్త కార్లకంటే ఎక్కువగా పాత కార్లు చేతులు మారుతున్న దేశంలో ఆ వరుస విలువ తక్కువేమీ కాదు. రేపు ఆ కారు కొనుక్కునే కుటుంబం రంగు చూస్తుంది, టైర్లు చూస్తుంది, మ్యూజిక్ సిస్టమ్ వింటుంది. బెల్టు వయసు దానికి తెలిసే మార్గం ఆ ఒక్క వరుసే.